చక్రవర్తిని ప్రాయశ్చిత్తానికి పిలిచిన కాపరి - పునీత అంబ్రోసు

ఏటా డిసెంబరు 7వ తేదీన శ్రీసభ పునీత అంబ్రోసు వారి పండుగను కొనియాడుతుంది. ఆగమన కాలపు పనుల ఒత్తిడిలో, పైగా మరునాడే నిష్కళంక మాత మహోత్సవం ఉండటం వల్ల, ఈ పండుగ మన విచారణలలో చాలావరకు సందడి లేకుండానే దాటిపోతుంది. పునీత అగుస్తీనుకు జ్ఞానస్నానమిచ్చిన పీఠాధిపతి అని మాత్రమే చాలామందికి ఈయనను గురించి తెలుసు. కాని నేడు మన ఇళ్ళలోను, రచ్చబండల దగ్గర, ఎన్నికల వేళల్లోను తరచు వినబడే ఒక ప్రశ్నకు ఈయన జీవితంలో జవాబు దొరుకుతుంది. మతానికి, చట్టానికి, ప్రభుత్వానికి మధ్య ఉండవలసిన సంబంధం ఏమిటి అన్నదే ఆ ప్రశ్న.

దీనికి సాధారణంగా రెండు జవాబులు వింటాం. మతం గుడి గోడల మధ్యనే ఉండాలి, పరిపాలనలో అది నోరెత్తరాదు అని కొందరంటారు. మన మతం వారికి అధికారం వస్తే చాలు, అన్నీ వాటంతట అవే చక్కబడతాయి అని మరికొందరంటారు. అంబ్రోసు వారి చరిత్రను నిదానంగా చదివితే ఈ రెండు జవాబులూ చాలవని తెలుస్తుంది. ఆయన చేసిన గొప్ప పని ఒకటి ఈ సంగతి నేర్పితే, ఆయన చేసిన పొరపాటు ఒకటి దానినే మరోవైపు నుంచి నేర్పుతుంది. పునీతులు కూడా మన వంటి మనుషులే కాబట్టి రెండింటినీ చెప్పుకోవడంలో తప్పు లేదు.

అధికారి ఇంటి బిడ్డ

అంబ్రోసు క్రీస్తుశకం 340 ప్రాంతంలో, నేడు జర్మనీ దేశంలో ఉన్న ట్రియర్ పట్టణంలో జన్మించారు. తండ్రి రోము సామ్రాజ్యంలో ఉన్నతాధికారి. ఆయన మరణించాక తల్లి ముగ్గురు బిడ్డలను వెంటబెట్టుకొని రోము నగరానికి తిరిగి వచ్చింది. అక్క మర్సెల్లీనా లిబేరియుసు పోపుగారి చేతుల మీదుగా కన్యాముసుగు ధరించి తన జీవితాన్ని సర్వేశ్వరునికి అంకితం చేసింది. సోదరుడు సతీరుసు, అంబ్రోసు ఇద్దరూ న్యాయశాస్త్రం చదివి ప్రభుత్వ కొలువులో చేరారు. 370 దాటిన తొలి ఏళ్ళలో అంబ్రోసు ఉత్తర ఇటలీలోని లిగూరియా, ఎమీలియా ప్రాంతానికి పాలకులుగా నియమితులై మిలాను నగరానికి వచ్చారు. కలెక్టరు పదవి, జడ్జి పదవి రెండూ ఒక్కరి చేతిలో ఉంటే ఎలా ఉంటుందో, ఆ పదవి అలాంటిది.

ఆ రోజులలో మిలాను విశ్వాసులు రెండుగా చీలి ఉన్నారు. క్రీస్తునాథుడు తండ్రితో సమానుడు కాడని చెప్పే అరియను బోధ అక్కడ బలంగా వేళ్ళూనుకుంది. 374లో అరియను పక్షానికి చెందిన పీఠాధిపతి మరణించగానే, తరువాత ఎవరన్న విషయమై దేవాలయంలో గొడవ మొదలైంది. శాంతిభద్రతలు కాపాడటానికి పాలకుడైన అంబ్రోసు స్వయంగా అక్కడికి వెళ్ళి ఇరుపక్షాలకూ నచ్చజెబుతుండగా, గుంపులో నుంచి అంబ్రోసే పీఠాధిపతి అన్న కేక వినిపించింది. అది ఒక పసిబిడ్డ గొంతు అని సంప్రదాయం చెబుతుంది. ఇరుపక్షాలూ ఒక్క గొంతుతో ఆ కేకనే అందుకున్నాయి.

ఆయనకు అప్పటికి జ్ఞానస్నానం కూడా కాలేదు. ఆ బాధ్యత తప్పించుకోవాలని ఎన్నో ఎత్తులు వేశారు. రాత్రివేళ ఊరు విడిచి బయలుదేరి, దారి తప్పి, తెల్లవారేసరికి మళ్ళీ మిలాను నగర ద్వారం దగ్గరే తేలారని ఆయన జీవిత చరిత్ర రాసిన పౌలీనుసు చెబుతాడు. చివరకు చక్రవర్తి కూడా ఆమోదించడంతో ఒప్పుకోక తప్పలేదు. జ్ఞానస్నానం పొందిన ఎనిమిదవ రోజున, 374 డిసెంబరు 7న, పీఠాధిపతిగా అభిషిక్తులయ్యారు. మనం ఆయన పండుగను మరణదినాన కాక ఈ అభిషేకదినాన చేసుకుంటున్నాం.

తలుపు మూయని కాపరి

అభిషేకం కాగానే తనకున్న వెండి బంగారాలను బీదలకు, శ్రీసభకు ఇచ్చివేశారు. అక్క బ్రతుకుతెరువుకు ఏర్పాటు చేసి, భూములు కూడా శ్రీసభ పేర రాశారు. పాలనలో పండిన మనిషి పవిత్ర గ్రంథం ముందు విద్యార్థిలా కూర్చున్నారు. ఆయన గది తలుపు ఎవరికీ మూసి ఉండేది కాదని, ఎప్పుడు చూసినా కష్టాలు చెప్పుకొనే జనం ఆయన చుట్టూ ఉండేవారని పునీత అగుస్తీను రాశారు.

378లో ఏడ్రియానోపుల్ యుద్ధంలో రోము సైన్యం ఓడిపోయింది. గోతు జాతివారు వేలాది మందిని చెరపట్టుకుపోయారు. వారిని విడిపించడానికి డబ్బు చాలకపోతే అంబ్రోసు దేవాలయపు బంగారు పాత్రలను విరగగొట్టి కరిగించారు. అరియనులు దీనిని అపచారమని ఎత్తిచూపారు. బంగారం లేకుండానే శ్రీసభ పుట్టిందని, క్రీస్తు రక్తంతో కొన్న మనుషులను విడిపించడం కంటే ఆ పాత్రలకు గొప్ప వినియోగం లేదని ఆయన బదులు చెప్పారు.

గురువులకు నీతి నేర్పడానికి ఆయన ఒక గ్రంథం రాశారు. దానికి పాత రోము తత్వవేత్త సిసిరో గ్రంథాన్ని నమూనాగా తీసుకున్నారు. సిసిరో క్రైస్తవుడు కాడు, క్రీస్తుకు ముందే మరణించినవాడు. అయినా సత్యం, న్యాయం, ధైర్యం, మితం అనేవాటి గురించి అతడు చెప్పిన మంచిని అంబ్రోసు కాదనలేదు. మంచిచెడ్డలను గుర్తించే వెలుగును సర్వేశ్వరుడు ప్రతి మనిషి బుద్ధిలోను ఉంచాడన్నది మన శ్రీసభ బోధ. విశ్వాసం ఆ వెలుగును మరింత ప్రకాశింపజేస్తుంది. అందుకే వేరే మతం వారితో కలిసి కూర్చుని న్యాయమైన చట్టం చేసుకోవడం మనకు సాధ్యమవుతుంది.

గుడి తాళాలు అడిగిన రాజమాత

చిన్న వయసు వాడైన రెండవ వలెంతినియను చక్రవర్తి తల్లి జుస్తీనా అరియను పక్షం మనిషి. 385లోను, 386లోను తన పక్షం వారి ఆరాధన కోసం మిలానులోని ఒక దేవాలయాన్ని ఇచ్చివేయమని ఆమె పట్టుబట్టింది. 386 జనవరిలో, అరియనుల ఆరాధనకు అడ్డుపడిన వారికి మరణశిక్ష అని చట్టం కూడా వచ్చింది. అంబ్రోసు లొంగలేదు. ప్రభుత్వం పన్ను అడిగితే శ్రీసభ కడుతూనే ఉందని, భూములు కావాలంటే తీసుకోవచ్చునని, తాము ఆయుధం పట్టబోమని, అయితే దేవుని ఆలయం చక్రవర్తి సొత్తు కాదని చెప్పారు. చక్రవర్తి శ్రీసభలో ఒక బిడ్డే తప్ప శ్రీసభకు అధిపతి కాడని ప్రజల ముందు ప్రకటించారు.

సైనికులు చుట్టుముడితే విశ్వాసులు దేవాలయంలోనే రేయింబవళ్ళు ఉండిపోయారు. వారిలో అగుస్తీను తల్లి పునీత మోనికమ్మ కూడా ఉంది. జనం అధైర్యపడకుండా అంబ్రోసు వారి చేత కీర్తనలు, గీతాలు పాడించారు. పడమటి శ్రీసభలో విశ్వాసులంతా గొంతు కలిపి పాడే అలవాటు అప్పుడే వచ్చిందని అగుస్తీను చెబుతారు. కొంతమంది సైనికులు లోపలికి వచ్చి, తాము పోరాడటానికి కాదు, ప్రార్థించడానికి వచ్చామన్నారు. చివరకు రాజమాతే వెనక్కి తగ్గింది. మరుసటి ఏడు, 387 పాస్కా జాగరణ రాత్రి, అగుస్తీను తన కుమారుడు అదెయోదాతుతో కలిసి అంబ్రోసు చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందారు.

ఈ కాలంలోనే మరొక సంఘటన జరిగింది. తప్పుబోధకుడన్న నిందపడిన ప్రిస్కిల్లియను అనే పీఠాధిపతి మీద కొందరు తోటి పీఠాధిపతులే మాక్సిముసు చక్రవర్తి వద్ద నేరం మోపారు. 385 ప్రాంతంలో ట్రియర్‌లో అతని తల తీయించారు. రాయబారిగా అక్కడికి వెళ్ళిన అంబ్రోసు, ఆ మరణాన్ని కోరిన పీఠాధిపతులతో కలిసి దివ్యబలిలో పాల్గొనడానికి నిరాకరించారు. తప్పుబోధను ఆయన ఎంత గట్టిగా వ్యతిరేకించేవారో మనకు తెలుసు. అయినా రాజు కత్తిని శ్రీసభ చేతిలోకి తీసుకోవడం ఆయన మనసుకు ఒప్పలేదు.

కాల్చబడిన ప్రార్థనా మందిరం

ఇక చెప్పడానికి కష్టమైన సంగతికి వద్దాం. 388లో యూఫ్రటీసు నది ఒడ్డున ఉన్న కల్లీనికుం పట్టణంలో, అంటే నేటి సిరియాలోని రక్కాలో, క్రైస్తవుల గుంపు ఒకటి యూదుల ప్రార్థనా మందిరాన్ని తగులబెట్టింది. స్థానిక పీఠాధిపతే వారిని పురికొల్పాడని విచారణలో తేలింది. అప్పటికి చక్రవర్తిగా ఉన్న తెయోదోసియుసు మంచి కతోలిక విశ్వాసి. అయినా ఆయన పక్షపాతం చూపలేదు. ఆ పీఠాధిపతి తన ఖర్చుతో మందిరాన్ని తిరిగి కట్టించాలని, తగులబెట్టినవారిని శిక్షించాలని ఆజ్ఞాపించారు. నేడు ఏ న్యాయస్థానమైనా దాదాపు ఇదే తీర్పు చెబుతుంది.

అంబ్రోసు దీనిని వ్యతిరేకించారు. క్రైస్తవ పీఠాధిపతి చేత యూదుల మందిరం కట్టించడం విశ్వాసానికి అవమానమని వాదించి చక్రవర్తికి లేఖ రాశారు. చక్రవర్తి తన ఆజ్ఞను కొంత సడలించినా ఆయన తృప్తిపడలేదు. చక్రవర్తి కూర్చుని ఉండగానే దేవాలయంలో దానిపై ప్రసంగించారు. కేసు పూర్తిగా ఎత్తివేస్తానని మాట ఇచ్చేంతవరకు దివ్యబలిపూజ మొదలుపెట్టనని నిలబడిపోయారు. చక్రవర్తి మాట ఇచ్చారు. ఇల్లు కాలిన వానికి న్యాయం దక్కలేదు.

ఆనాటి పరిస్థితులు వేరు, ఆనాటి మనుషుల ఆలోచనలు వేరు అని మనం సరిపెట్టుకోవచ్చు. కొంతవరకు అది నిజమే. అయితే ఆ రోజుల్లో కూడా రోము చట్టం యూదుల మందిరాలకు రక్షణ ఇచ్చేది. 393లో ఇదే తెయోదోసియుసు, యూదుల మతాన్ని ఏ చట్టమూ నిషేధించలేదని, క్రైస్తవం పేరు చెప్పి వారి మందిరాలను కూల్చేవారిని అణచాలని ఆజ్ఞ జారీ చేశారు. ఈ ఒక్క విషయంలో చక్రవర్తి న్యాయం పక్షాన నిలబడితే, మన పునీతుడు మనవాళ్ళ పక్షాన నిలబడ్డారు. బలిపీఠాన్ని అడ్డుపెట్టి నేరస్థులను చట్టం నుంచి తప్పించారు.

తెస్సలోనిక రక్తపాతం

రెండేళ్ళు తిరగకుండానే, 390లో, ఆయనకు మరింత పెద్ద పరీక్ష ఎదురైంది. పునీత పౌలు లేఖల ద్వారా మనకు పరిచయమైన తెస్సలోనిక పట్టణంలో, జనానికి ప్రీతిపాత్రుడైన ఒక రథ పందెగాడిని బుతెరికు అనే సైన్యాధికారి చెరలో వేశాడు. పందేల వేళకు విడిచిపెట్టమని జనం అడిగినా వినలేదు. జనం తిరగబడి ఆ అధికారిని చంపివేశారు. మిలానులో ఉన్న తెయోదోసియుసుకు ఈ వార్త చేరగానే కోపం కట్టలు తెంచుకుంది. పట్టణం మీద పగ తీర్చుకోమని ఆజ్ఞ వెళ్ళింది. తరువాత మనసు మార్చుకుని ఆజ్ఞను రద్దు చేసినా ఆ కబురు అందేసరికి ఆలస్యమైపోయింది. సైనికులు జనం మీద పడి దోషి, నిర్దోషి అన్న తేడా లేకుండా నరికారు. చనిపోయినవారు 7000 మంది అని చరిత్రకారుడు తెయోదొరేతు రాశాడు.

చక్రవర్తిని దేవాలయ ద్వారం దగ్గర అంబ్రోసు చేయి చాచి ఆపుతున్నట్లు రూబెన్సు గీసిన చిత్రం ప్రసిద్ధమైనది. ఆ కథ తరువాతి తరం చరిత్రకారుల రచనల నుంచి వచ్చింది. అంబ్రోసు రాసిన లేఖను చూస్తే జరిగింది ఇంకా లోతైనదని తెలుస్తుంది. చక్రవర్తి మిలానుకు తిరిగి వచ్చే సమయానికి ఆయన అనారోగ్యం కారణంగా చెప్పి ఊరు విడిచి వెళ్ళారు. అక్కడి నుంచి తన చేతిరాతతో, చక్రవర్తి ఒక్కరే చదువుకోవాలని, ఒక లేఖ పంపారు. అందులో దావీదు రాజును గుర్తు చేశారు. నాతాను ప్రవక్త ఎదుట దావీదు తన పాపాన్ని ఒప్పుకున్నాడు గదా, ఆ రాజు చేసిన దానికి మీరు సిగ్గుపడవలసిన పనిలేదు అన్న ధోరణిలో నచ్చజెప్పారు. మీ భక్తి నాకు తెలుసు, మీ కోపం కూడా నాకు తెలుసు అని స్నేహితునిలా మందలించారు. చివరకు, ఇంతమంది నిర్దోషుల రక్తం చిందిన తరువాత, మీరు ఎదుట ఉండగా బలి సమర్పించడం నా వల్ల కాదు అని స్పష్టం చేశారు.

ఆయన చక్రవర్తి మీద జనాన్ని రెచ్చగొట్టలేదు. కిరీటం దింపమని అనలేదు. రాజ్యం ఎవరికి ఇవ్వాలో చెప్పలేదు. పాపాన్ని పాపమని మాత్రం చెప్పి, తిరిగి రావడానికి తలుపు తెరిచి ఉంచారు. తెయోదోసియుసు ఆ తలుపు గుండా నడిచారు. రాజచిహ్నాలు తీసి పక్కన పెట్టి, దేవాలయంలో ప్రజలందరి ముందు కన్నీటితో క్షమాపణ వేడుకున్నారు. కొన్ని నెలల ప్రాయశ్చిత్తం తరువాత, 390 క్రిస్మసు నాడు తిరిగి దివ్యసత్ప్రసాద సహవాసంలోకి స్వీకరించబడ్డారు. ఇకమీదట చక్రవర్తి విధించిన మరణశిక్షను 30 రోజులు గడిచేవరకు అమలు చేయరాదన్న చట్టం ఈ పశ్చాత్తాపం నుంచి వచ్చిందని ప్రాచీన శ్రీసభ చరిత్రకారులు చెబుతారు. పాలకుని కోపం చల్లారడానికి, బుద్ధి మేలుకోవడానికి చట్టమే వ్యవధి ఇచ్చిందన్నమాట.

395 జనవరిలో తెయోదోసియుసు మిలానులో మరణించారు. ఆయన అంత్యక్రియల ప్రసంగం చేసినది అంబ్రోసే. ఆయన గెలిచిన యుద్ధాలతో పాటు, పదిమంది ముందు పాపానికి ఏడ్చిన ఆయన వినయాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. అంబ్రోసు కూడా 397 ఏప్రిలు 4న, పవిత్ర శనివారం నాడు ప్రభువును చేరుకున్నారు. మిలానులో ఆయన పేరుతోనే పిలవబడే దేవాలయంలో ఆయన భౌతికకాయాన్ని నేటికీ దర్శించవచ్చు.

మనం నేర్చుకోవలసినది

ప్రియ పాఠకులారా, ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోను మనిషి ఒక్కరే, ధైర్యం ఒక్కటే, చక్రవర్తి కూడా ఒక్కరే. 388లో ఆ ధైర్యం మనవాళ్ళను కాపాడటానికి పనిచేసింది. 390లో ముక్కు మొహం తెలియని తెస్సలోనిక జనం తరఫున, అడిగేవారు లేని చనిపోయినవారి తరఫున పనిచేసింది. మొదటి దానికి మనం తల వంచుకుంటాం, రెండవ దానికి 1600 ఏళ్ళు దాటినా తల ఎత్తుకుంటాం. మతం పరిపాలనలో మాట్లాడవచ్చునా అన్న ప్రశ్నకు నాకు తోచే జవాబు ఇదే: అన్యాయానికి గురైనవాని తరఫున తప్పక మాట్లాడాలి, తనవాడి తప్పు కప్పిపుచ్చడానికి మాత్రం నోరు విప్పరాదు.

శ్రీసభ ఈ పాఠాన్ని నెమ్మదిగా నేర్చుకుంది. 1965 అక్టోబరు 28న రెండవ వాటికన్ మహాసభ, యూదులపై ఏ కాలంలోనైనా, ఎవరైనా చూపిన ద్వేషాన్ని, పెట్టిన హింసను ఖండించింది. అదే ఏడు డిసెంబరు 7న, సరిగ్గా పునీత అంబ్రోసు పండుగ నాడు, మత స్వాతంత్ర్యాన్ని గురించిన ప్రకటనను, నేటి ప్రపంచంలో శ్రీసభ అనే పత్రాన్ని వెలువరించింది. విశ్వాస విషయంలో ఎవరినీ బలవంతం చేయరాదని మొదటిది చెబుతుంది. రాజకీయ వ్యవస్థ, శ్రీసభ తమ తమ రంగాలలో స్వతంత్రమైనవని, శ్రీసభ ప్రభుత్వమిచ్చే ప్రత్యేక హక్కులపై ఆశ పెట్టుకోరాదని, అయితే మానవుల మూలహక్కుల కోసం, ఆత్మల రక్షణ కోసం నైతిక తీర్పు చెప్పే స్వేచ్ఛ దానికి ఉండాలని రెండవది చెబుతుంది. 2000 మార్చి 12న పోపు రెండవ జాన్ పాల్ గారు, సత్యసేవ పేరిట జరిగిన హింసకు, యూదుల పట్ల జరిగిన పాపాలకు, శ్రీసభ బిడ్డల తరఫున దేవుని క్షమాపణ కోరారు. చక్రవర్తిని ప్రాయశ్చిత్తానికి పిలిచిన శ్రీసభ తాను కూడా ప్రాయశ్చిత్తం చేయవలసినదేనని ఆయన చూపారు.

మనలో చక్రవర్తులు లేరు. కాని ఓటర్లున్నారు, పంచాయతీ సభ్యులున్నారు, ఉద్యోగులున్నారు, పోలీసులున్నారు, పెద్దమనుషులున్నారు. మనవాడు తాగి బండి నడిపి ఒకరిని గుద్దినప్పుడు, మనవాడు కట్నం కోసం కోడలిని వేధించినప్పుడు, స్టేషనుకు ఎందుకు వెళతాం? నిజం చెప్పడానికా, విడిపించుకు రావడానికా? గురువుగారి సిఫారసు ఉత్తరం కోసం వచ్చేవారు ఈ ప్రశ్నను ముందు తమను తాము వేసుకోవాలి, రాసి ఇచ్చే గురువులం మేమూ వేసుకోవాలి. మన దేశ రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛను మనకూ ఇచ్చింది, మన పొరుగువానికీ ఇచ్చింది. మన గుడి మీద రాయి పడితే చట్టం కావాలని కోరే మనం, పొరుగువాని గుడి మీద, మసీదు మీద రాయి పడినప్పుడు కూడా అదే చట్టం కావాలని అంతే గట్టిగా కోరాలి.

డిసెంబరు 7 వచ్చినప్పుడు కుటుంబ ప్రార్థనలో ఒక్క నిమిషం పునీత అంబ్రోసును తలచుకోండి. మనల్ని పాలించేవారికి తప్పు ఒప్పుకునే వినయం కోసం, మనకు తప్పును తప్పని చెప్పే ధైర్యం కోసం, ఆ తప్పు మనవాడిదైనప్పుడు కూడా వెనకాడని నిజాయితీ కోసం ఆయన మధ్యవర్తిత్వాన్ని వేడుకోండి.